చెక్క అచ్చులు తినేసిన ఎర్మెస్

1957లో కొండపందెం గెలిచిన మా మొట్టమొదటి మలగోలి కారుకి ఎడమ డోరు కన్నా కుడి డోరు నాలుగు వేళ్ళు పొడుగు. అంతకుముందు మూడేళ్ళూ సగం కొండెక్కి పొగ కక్కుతూ ఆగిపోయిన కారు, ఆ ఏడు పెద్ద పెద్ద కంపెనీల కార్లని మలుపుల్లో వదిలేసి పైకి చేరింది. దాని రేకంతా సాగగొట్టినవి ఈ చేతులే. పత్రికవాళ్ళు డోర్ల సంగతి అడిగితే, యజమాని ఎర్మెస్ మలగోలి ఛాతీ విరుచుకుని, "రెండూ ఒకేలా ఉంటే ఏది ఏదో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు.

అదీ మా ఎర్మెస్. ఒకేలాంటివి రెండు కనబడితే వాడికి ఒళ్ళు మండుతుంది. నేనూ వాడూ మా ఊరు సాన్ వెరానో బడిలో ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం. అందుకే బడయ్యాక వాడి కార్ల షెడ్డులో పనిచేసినా, "ఒరే" అనే హక్కు నాకొక్కడికే మిగిలింది.

వాడి కాళ్ళకి ఒక మేజోడు బూడిదరంగు, ఒకటి ఆకుపచ్చ. ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఆరు కుర్చీలు, ఆరు ఎత్తులు. చుట్టం పొట్టి కుర్చీలో పడితే గడ్డం పళ్ళేనికి తగిలేది, పొడుగు కుర్చీలో పడితే సూపు కోసం నడుం వంచాల్సి వచ్చేది. భార్య ఇనెస్ పిండి రేకులో మాంసం పెట్టి చేసే తోర్తెల్లిని అన్నీ ఒక్క తీరుగా చుట్టిందంటే గిన్నెలోకి అనుమానంగా చూసేవాడు. ఆవిడకి కవల ఆడపిల్లలు పుట్టినప్పుడు మంత్రసానిని పక్కకి పిలిచి, రెండోదానికి కాస్త మార్పు చెయ్యడం కుదరదా అని అడిగాడని ఊరంతా చెప్పుకుని నవ్వింది.

ఇక షెడ్డు సంగతి. మా దగ్గర ఒక కారు ఒక మనిషిది. వాడే చెక్కతో అచ్చు చెక్కుకోవాలి, దాని మీద వాడే రేకు కొట్టాలి. కాగితం మీద గీత గియ్యకూడదు. కారు అమ్ముడై గేటు దాటిన రోజున ఎర్మెస్ గొడ్డలి తెచ్చి ఆ అచ్చుని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేవాడు. ఆ మంట మీద పెద్ద కళాయిలో మొక్కజొన్న పిండితో పోలెంతా ఉడికించి, సాసేజీలు కాల్చి, లాంబ్రుస్కో వైను సీసాలు తీసి అందరికీ విందు చేసేవాడు. నా చేతి మీదుగా పదకొండు కార్లు వెళ్ళాయి, పదకొండూ ఎక్కడో ఒకచోట కప్పు గెలిచాయి. కానీ పందెం గెలిచిన ఆ మొదటి అచ్చుని పగలగొడుతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ఒరే, దీని మీద ఇంకోటి కొట్టచ్చు కదరా."

"ఇంకోటి ఎందుకు? ఒకటి ఉందిగా," అన్నాడు, పోలెంతా కలుపుతూ.

1971 వచ్చేసరికి పందేలకి ఇంజన్లు చేయించుకోవడం మాలాంటి చిన్న షెడ్డు వల్ల కాలేదు. ఉత్తరాదిన ఉన్న ఒక పెద్ద కంపెనీకి ఎర్మెస్ షెడ్డు అమ్మేశాడు. సంతకంలో మొదటి పేరు నీలం సిరాతో, ఇంటిపేరు ఆకుపచ్చ సిరాతో పెట్టాడు. వాళ్ళు నవ్వుకున్నారు గానీ మాకు నవ్వు రాలేదు. పేరు మాత్రం వాళ్ళు తీసుకెళ్ళి తమ ఫ్యాక్టరీలోనే మలగోలి కార్లు చేసుకుంటారనీ, మా ముప్ఫై మందినీ ఇళ్ళకి పంపేస్తారనీ కబురు పొక్కింది. రేకు కొట్టడం తప్ప ఇంకోటి రాని యాభై మూడేళ్ళవాణ్ణి నన్నెవడు పిలుస్తాడు?

అనుకున్నట్టే బలెస్త్రా అనే ఇంజనీరు ఖాళీ లారీ తీసుకుని వచ్చాడు. మర్యాదస్తుడే. డ్రాయింగులు అడిగితే లేవన్నాం.

"పోనీ అచ్చులు ఎక్కడున్నాయి, మలగోలి గారూ?"

"తినేశాం."

బలెస్త్రా నా వైపు చూశాడు.

"పోలెంతాతో అండీ," అన్నాను.

పాపం ఆయన ఓపికగా, రిపేరుకొచ్చి పెరట్లో ఉన్న రెండు కార్లని పక్కపక్కన పెట్టించాడు. ఒకదాని బానెట్ రెండోదాని మీద పెడితే, తండ్రి టోపీ పిల్లాడి నెత్తిన పెట్టినట్టు కూర్చుంది. డోర్లు మార్చి చూశాడు, అద్దాలు మార్చి చూశాడు, ఒక్కటీ పట్టలేదు. పాత మలగోలిల రిపేర్లు తామే చూస్తామని కొనేటప్పుడు వాళ్ళు ఒప్పుకుని ఉన్నారు. ఏ కారు పాడైనా దాన్ని కొట్టినవాడే బాగుచెయ్యాలి, మరొకడికి అంతుపట్టదు. బలెస్త్రా గుమ్మంలో కూలబడి, కాసేపటికి తనలో తను నవ్వుకోవడం మొదలెట్టాడు. లారీ ఖాళీగానే వెనక్కి వెళ్ళింది. షెడ్డునీ మనుషుల్నీ ఉన్నచోటే ఉంచాలని ఆయన పైవాళ్ళకి చెప్పాడు. పదిహేనేళ్ళలో మాలో ఒక్కడి ఉద్యోగం పోలేదు.

వాడి పిచ్చి మనకి కలిసొచ్చిందిరా అని నేను బార్‌లో చెప్పని రోజు లేదు.

ఈ ఏడు కంపెనీ మళ్ళీ మలగోలి పేరుతో కొండపందేనికి దిగుతోంది. మూడు కార్లు. వాటికి రేకు పనంతా ఇకమీదట సాన్ వెరానోలోనే జరగాలని ఎర్మెస్ ఒప్పందం రాయించుకున్నాడు. మా కుర్రాళ్ళు ఒకే అచ్చు మీద మూడింటికీ రేకులు కొట్టారు. గొడ్డలి కోసం చూశాను, ఎక్కడా కనబడలేదు. ఇంజన్లు బిగించేటప్పుడు దగ్గరుండడానికి వాడు కంపెనీ ఉన్న నగరానికి ప్రయాణమయ్యాడు. అటక మీంచి పెట్టె దించిపెట్టమని ఇనెస్ నన్ను పిలిచింది. పక్కనే బీరువా తలుపు తెరిచి ఉంది. లోపల తెల్ల చొక్కాలు, అన్నీ ఒకే రకం. కింద బూడిదరంగు మేజోళ్ళు, జతకి జత మడిచి, సైనికుల్లా వరసగా.

"ఇవెవరివమ్మా?"

"ఎవరివేమిటి అన్నయ్యా, ఈయనవే. అన్నీ ఒకేలా ఉంటే తప్ప ఈయనకి నిద్రపట్టదు. పొద్దున్నే బయల్దేరేటప్పుడు మాత్రం ఒకటి విప్పి ఆకుపచ్చది తొడుక్కుంటారు."

నేను పెట్టె మీదే కూర్చుండిపోయాను. అప్పుడు చెప్పింది. 1932లో వాళ్ళ నాన్న పనిచేసే బండ్ల కర్మాగారం అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళ లారీలోకి అచ్చులు ఎక్కించినవాళ్ళలో పద్నాలుగేళ్ళ ఎర్మెస్ కూడా ఉన్నాడు. అచ్చులు వెళ్ళిపోయాక మనుషులతో పనేముంది? ఆ వారమే వాళ్ళ నాన్నతో సహా అందర్నీ పంపించేశారు. తన షెడ్డు కూడా ఎప్పుడో ఒకప్పుడు అమ్ముడుపోక తప్పదని వాడికి మొదట్నించీ అనుమానమేనట. అచ్చులు కావాలనే కాల్చాడని కొనేవాళ్ళకి తెలిస్తే ఊరుకోరు. పుట్టుకతో వచ్చిన పిచ్చైతే ఎవరేం చేస్తారు?

"మరి నాకైనా చెప్పలేదేం?"

"మీరు బార్‌కి వెళ్ళడం మానేస్తే చెబుదామనుకున్నారు."

పోనీ ఆ కవలల గొడవేమిటని అడిగాను. ఇనెస్ సొరుగు లాగి రెండు బుల్లి టోపీలు చూపించింది. రెండూ గులాబీరంగువే, రెండిటికీ ఒకే ముడి. ఇంట్లో మాత్రమే పెట్టేవారట.

నిన్న ఎర్మెస్ ఫోన్ చేశాడు.

"మూడూ వరసగా నిలబెట్టారురా ప్రిమో," అన్నాడు. "ఏది ఏదో నాకే తెలియడం లేదు."

"అచ్చు ఏం చేశావురా?"

"విడదీసి మా మంచం కింద దాచాను. విందుకి కట్టెలు నువ్వు తెచ్చుకో."

ఇనెస్ ఒక జత మేజోళ్ళు ఉతికి తీగ మీద ఆరేసింది, రెండూ బూడిదరంగువే. నేను కట్టెలు కొట్టి షెడ్డు గోడకి పేర్చాను. మూడు కార్లూ, వాటి వెనకాల లారీలో వాడూ పందెం రోజు పొద్దున్నే దిగుతారు: సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం.