రెండు హారన్లు

నేను ఆ కేంద్ర బలగాల క్యాంపుకు చేరింది జూలైలో, ముసురు పట్టిన రోజు. భద్రాచలం నుంచి రేషన్ లారీలో వచ్చాను. తారురోడ్డు అయిపోయింది. ఆ తర్వాత అడవి, అడవి మధ్యలో వాగు. వంతెన లేదు. లారీ ఇవతలి ఒడ్డునే ఆగింది. అవతలి నుంచి ఒక పాత డీజిల్ జీపు నీళ్లలో దగ్గుకుంటూ వచ్చి నా ట్రంకుపెట్టెను ఎక్కించుకుంది. "రేపటి నుంచి ఇది నీ నెత్తిన," అన్నాడు దాన్ని నడుపుకొచ్చిన హవల్దారు. నేను మా కంపెనీలో డ్రైవర్ని, మెకానిక్‌ని కూడా. మాది కల్లూరు. సొంతూరికి ఇంత దగ్గర పోస్టింగు పడిందని సంబరపడ్డాను.

క్యాంపు గుట్ట మీద ఉండేది. గుట్టకూ వాగుకూ మధ్య ముప్పై ఇళ్ల ఊరు. వాగు పల్లంలో ఉండడంతో అక్కడ వాకీటాకీ పలికేది కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. జీపు వాగు దాటి గట్టెక్కగానే రెండు హారన్లు కొట్టాలి. టవర్ మీది సెంట్రీ విని, బంకర్‌లోని సిగ్నల్ హవల్దారుకు చెబుతాడు. జీపు క్షేమమని అర్థం.

ఊళ్లో ఉన్నది ఒక్కటే ఆటో, జోగయ్యది. సంతకు పోవాలన్నా, జ్వరమొచ్చి దవాఖానాకు పోవాలన్నా అందరికీ అదే దిక్కు. నేను చేరిన వారానికే ఆయన జీపు ఆపాడు.

"కొత్త డ్రైవర్ సారు మీరేనా? హారన్ జర గట్టిగ కొట్టుర్రి సారూ."

"ఎందుకు?"

"మీ జీపు దాటి రెండు కొడితెనే నేను ఆటో దింపుత. ఇనబడకపోతే ఆ దినం ఇంటికాడనే. పాత సారున్నప్పటి సంది గంతే."

పక్కనున్న ఆయన భార్య కన్నమ్మ నవ్వింది. "నా మాట ఇనడు గని, మీ జీపు మాట ఇంటడు సారూ," అన్నది.

వాళ్ల నమ్మకం తప్పు కాదు. నీళ్లు మోకాలు దాటితే మా జీపు మొరాయించేది. అంతవరకు ఆటో కూడా ఎలాగో దాటేది. నేను గర్వపడ్డాను. అప్పటి నుంచి హారన్ గట్టిగానే కొట్టాను.

ఆగస్టులో జీపు బియ్యం బస్తాలతో సహా వాగు నడుమ ఆగిపోయింది. తాళ్లు కట్టి లాగాం. తడిసిన బియ్యం వండలేక మెస్ వంటవాడు అందరినీ తిట్టిపోశాడు. కంపెనీ కమాండర్ నన్ను పిలిపించాడు. "కొత్త బండి రాదు. వచ్చే వానాకాలం ఇది వాగులో ఆగిందని నేను వినకూడదు," అన్నాడు.

ఎండాకాలంలో పని మొదలుపెట్టాను. సారపాకలో, కాగితం మిల్లుకు వెదురు తెచ్చే లారీలు బాగుచేసే షెడ్డులో జీపును నిలబెట్టాను. బాడీ బరువు మోసే కమాన్ కట్టలకు అదనంగా రెండేసి పట్టీలు వేసి బాడీని పైకి లేపాను. పెద్ద బురద టైర్లు బిగించాను. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టాన్ని బానెట్ పక్క నుంచి ముందు అద్దం పైదాకా తీసుకెళ్లాను. సైలెన్సర్‌ను వెనక నిలువుగా కట్టాను. యాక్సిళ్లలోకి నీరు చేరకుండా రబ్బరు పైపులు వేశాను. అంతా కలిపి జీపు ముప్పావు అడుగు లేచింది. ఉద్యోగంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

జూన్‌లో మొదటి వరదకు దాన్ని వాగులో దింపాను. తొడలోతు నీళ్లు. ఎక్కడా తడబడలేదు. పల్లం దాటాక సిగ్నల్ హవల్దారు వాకీటాకీలో ఆటపట్టించాడు.

"అది జీపా, పడవా?"

"పడవే. టికెట్ తీసుకుని ఎక్కు."

జూలైలో ఒక సోమవారం, సంత రోజు. రాత్రంతా ఎగువన వాన. ఉదయం ఏడింటికి రేషన్ కోసం బయల్దేరాను.

"వాగు పెరిగిందట. పోతావా?" అన్నాడు సిగ్నల్ హవల్దారు.

"పడవ ఉందిగా," అన్నాను.

ఒడ్డున జోగయ్య ఆటో ఆగి ఉంది. లోపల వెదురు బుట్టలు, పక్కన కన్నమ్మ. బురదనీరు, లోతు తెలియదు. ఫ్యాన్ నీళ్లు చిమ్మకుండా బెల్టు వదులు చేసి, మొదటి గేరులో దిగాను. నీళ్లు బంపరు దాకా వచ్చాయి. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు పాత జీపు మోకాలి లోతులో పోతున్నట్టే ఉండి ఉంటుంది. గట్టెక్కాను. రెండు హారన్లు కొట్టి, ముందుకు పోయాను.

జీపును మార్చాం. ఇప్పుడు ఆ హారన్‌కు అర్థం వేరని ఊరికి ఒక్క ముక్క చెప్పలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వాగు ఒడ్డున ఊరంతా ఉంది. ఆటో దిగువన మద్దిచెట్టుకు ఆనుకుని పక్కకు ఒరిగి ఉంది. జోగయ్యను తాడేసి లాగారు. కన్నమ్మ సాయంత్రానికి దొరికింది, రెండు మలుపుల కింద, వెదురు పొదలో.

పోస్టుమార్టానికి ఆమెను భద్రాచలం పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి వాగు దాటగలిగిన బండి నాదొక్కటే. వెనక సీటు తీసేసి పడుకోబెట్టాం. గట్టెక్కాక చెయ్యి హారన్ మీదికి పోలేదు. పల్లం దాటాక వాకీటాకీ పలికింది.

"హారన్ వినబడలేదు. దాటావా?"

"దాటాను."

విచారణలో కమాండర్, "హారన్ మన క్యాంపు కోసం, ఊరి కోసం కాదు. నీ తప్పేం లేదు," అన్నాడు. కాగితం మీద అది నిజమే. కానీ గట్టిగా కొట్టమని జోగయ్య అడిగినప్పుడు ఒప్పుకున్నది నేనే. పదిహేను రోజులకు వాళ్లింటికి వెళ్లాను. తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన నులకమంచం చూపించి కూర్చోమన్నాడు.

"జీపు ఎత్తు చేశానని నీకు చెప్పాల్సింది జోగయ్యా," అన్నాను.

"జూసిన సారూ. మస్తుగున్నది అనుకున్న. మీరు దాటినంక ఇంగ మాకేం భయం అనుకున్న."

ఆయన లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

రిటైరై కల్లూరులో షెడ్డు పెట్టుకున్నాను. అడవి తిరగడానికి కుర్రాళ్లు పాత జీపులు తెస్తుంటారు. "అన్నా, జర లేపు," అంటారు. లేపుతాను. నా పనితనానికి పేరుంది. మీ వెనకాల ఎవరొస్తున్నారో చూసుకోండిరా అంటే నవ్వుతారు. వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

ఎందుకంటే ఆ రోజు నేనూ వెనక్కి చూశాను. రెండో హారన్ కొట్టాక పక్క అద్దంలోకి చూశాను. అవతలి ఒడ్డున జోగయ్య నాకేసి తువ్వాలు ఊపి, ఆటో స్టార్ట్ చేయడానికి వంగాడు. కన్నమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, బుట్టలు పక్కకు జరిపి, ఎక్కి కూర్చుంది. నేను నవ్వుకుని గేరు మార్చాను.