గొంగళిపురుగులో రెండో స్థానం

నీటి సరఫరా ఆఫీసులో పెద్దగుమాస్తాకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. సర్వీసు రిజిస్టరు తీసి చూస్తే తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. చాటుగా అందరూ ఆయన్ని చిత్తంగారు అంటారు. ఆఫీసరు ‘ఇవాళ ఎండ మండిపోతోందయ్యా’ అంటే ‘చిత్తం’ అంటాడు. పది నిమిషాలాగి ‘మబ్బేసినట్టుందే’ అంటే దానికీ ‘చిత్తం’ అంటాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో పై అధికారి ఎదుట ‘కాదు’ అన్న మాట ఆ నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. ఆ లోటంతా ఇంట్లో భార్య మీద తీర్చుకునేవాడు.

సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయి అప్పటికి రెండు నెలలు. అద్దాల గది, చేతుల కుర్చీ, బల్ల మీద నొక్కితే ఎవరో ఒకరు పరిగెత్తుకు రావాల్సిన గంట. ఆ గదికోసం చిత్తంగారు పదకొండేళ్ళుగా కాచుకుని కూర్చున్నాడు. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతాడు కాబట్టి ఇప్పుడు రాకపోతే ఇక రానట్టే. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక రెండుసార్లు గుట్టుచప్పుడు కాకుండా ఆ కుర్చీలో కూర్చుని చూసుకున్నాడు కూడా. పోటీకి ఉన్నది రెండో గుమాస్తా ఒక్కడే. వయసులో పదేళ్ళు చిన్న, మనిషి బహు నెమ్మది. ఇద్దరిలో ఒకరి పేరు సోమవారం పై ఆఫీసుకి రాసి పంపుతానని ఆఫీసరు చెప్పాడు. ఆ ఒకరు ఎవరో చిత్తంగారి భార్యకి ముందే తెలిసిపోయింది. తాముండే మేడలో మూడంతస్తుల మెట్ల మీదా ఎదురైన ప్రతి మనిషికీ ఆవిడ ఆ సంగతి చెప్పేసింది.

సరిగ్గా ఆ సోమవారానికి ముందు ఆదివారమే వేషాల సైకిల్ ఊరేగింపు వచ్చిపడింది. ఏటా ఊళ్ళో ఆఫీసులవాళ్ళూ దుకాణాలవాళ్ళూ గుంపులు గుంపులుగా వేషాలు కట్టి, ఆటస్థలం గేటు దగ్గర బయల్దేరి నది ఒడ్డున పార్కు దాకా సైకిళ్ళు తొక్కుతారు. బాగున్న గుంపుకి కప్పు ఇస్తారు. కిందటేడు బ్యాంకువాళ్ళు రంగు పెన్సిళ్ళ వేషంలో వచ్చి కప్పు ఎగరేసుకుపోయారు. అప్పట్నుంచి మన ఆఫీసరుకి బ్యాంకు మేనేజరు మొహం చూస్తే ఒళ్ళు మండేది. అందుకని ఈసారి నీటి సరఫరా ఆఫీసు కూడా దిగాల్సిందేననీ, తొమ్మిది సైకిళ్ళ మీద ఒకే పచ్చటి గుడ్డ కప్పుకుని పెద్ద గొంగళిపురుగులా రావాలనీ ఆయన తీర్మానించాడు. చిత్తంగారు చిత్తమన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తూ చిత్తంగారు మూడు పేజీల నోటు తయారుచేశాడు. అందులో బలం లెక్క లేదు, తొక్కడం వచ్చా రాదా అన్న లెక్క లేదు, ఉన్నదల్లా సీనియారిటీ లెక్క ఒక్కటే. తలకాయ ఆఫీసరు. తలకాయకి అంటుకుని మొదటి కణుపు తను. వెనక రెండో గుమాస్తా. అలా దిగుతూ దిగుతూ వచ్చి, తోక దగ్గర మీటర్ల అక్క. ఆవిడ రోజుకి ఏడు గంటలు సైకిల్ మీద తిరిగి ఇంటింటి నీటి మీటరూ చదివి వచ్చే మనిషి. ఊళ్ళో ఆవిడకి తెలియని సందు లేదు, ఆవిడని చూసి మొరిగే కుక్క లేదు. దారి తెలిసిన మనిషిని ముందు పెడితే మంచిది కదా అని ఎవరో నసిగారు. చిత్తంగారు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“నాలుగేళ్ళ సర్వీసుతో తలకాయ ఎలా అవుతుందయ్యా?” అన్నాడు.

ఆఫీసరు సైకిల్ తొక్కి నలభై ఏళ్ళు దాటింది. ఆఫీసు వెనక గొట్టాలు పడేసే స్థలంలో వారం రోజులు సాధన చేయించారు. ఇద్దరు బంట్రోతులు చెరోపక్కా పట్టుకునేవాళ్ళు, వదిలితే ఆయన గొట్టాల మీద పడేవాడు. పడ్డ ప్రతిసారీ చిత్తంగారు పరుగున వెళ్ళి దుమ్ము దులిపి, తమరు పడటంలో కూడా ఒక హుందాతనం ఉంది సార్ అని చెప్పేవాడు. మీటర్ల అక్క గోడకి ఆనుకుని ఇదంతా చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకునేది.

ఆదివారం పొద్దున వేషం కట్టారు. అట్టముక్కలతో చేసిన తలకాయ ఆఫీసరు భుజాల దాకా దిగింది. సీసాలు కడిగే బ్రష్షులు రెండు మీసాల్లా పైకి లేచి ఉన్నాయి. చూడ్డానికి నోటి దగ్గర గుప్పెడంత కన్నం పెట్టారు, అందులోంచి ఆయనకి ముందు చక్రం, దాని ముందు రెండు గజాల రోడ్డు మాత్రమే కనిపించేవి. మిగతా ఎనిమిదిమందీ గుడ్డలో చేసిన కన్నాల్లోంచి తలలు బయటికి పెట్టి నిలబడ్డారు. కణుపుకీ కణుపుకీ మధ్య నొక్కుడు బొత్తాలు. నోటు మూడో పేజీలో ఇంకో షరతు కూడా ఉంది: ముందున్నవాళ్ళని ఎవరూ దాటకూడదు, ఆఫీసరు వెనక గంట కొట్టకూడదు. మర్యాద మర్యాదే కదా.

ఊరేగింపు బయల్దేరింది. ఆఫీసరు ఎంత నెమ్మదిగా తొక్కాడంటే, వెనక అందరూ ఓ కాలు నేలకి ఆనిస్తూ కుంటుకుంటూ నడిచారు. వెనకొచ్చిన రొట్టెల దుకాణంవాళ్ళు దాటిపోయారు. బళ్ళో పంతుళ్ళు దాటిపోయారు. బ్యాంకువాళ్ళు ఈసారి చేపల వేషంలో వచ్చి, చేతులూపుకుంటూ మరీ దాటిపోయారు. గడియారం చౌరస్తాకి వచ్చేసరికి వీళ్ళ ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. పార్కుకి కుడివైపు తిరగాలి. ఆఫీసరు ఎడమవైపు తిరిగాడు.

చిత్తంగారు చూశాడు. కళ్ళారా చూశాడు. అంత దగ్గర్లో ఉన్నాడు, ‘సార్, కుడివైపు’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. మాట గొంతు దాకా వచ్చింది. నలుగురి ముందు ఆఫీసరు తప్పు ఎత్తి చూపితే ఏమైనా ఉందా? అందులోనూ రేపే సోమవారం. చిత్తంగారు ఆ మాట మింగేసి, హ్యాండిలు తనూ ఎడమవైపు తిప్పాడు.

తోక దగ్గర మీటర్ల అక్క గొంతెత్తింది. “ముందుకి చెప్పండి, ఆ సందు మూసుకుపోయి ఉంటుంది! అక్కడ మీటరు నేనే చూస్తాను!”

అలా అరిచింది కానీ, నేరుగా ఆఫీసరుకి చెప్పే హోదా ఎవరికీ లేదాయె. తోక చెప్పిన మాట ఎనిమిదోవాడు ఏడోవాడికి వినయంగా అందించాడు. ఏడోవాడు ఆరోవాడికి. ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా మాట రెండో గుమాస్తా దాకా వచ్చింది. ఆయన చిత్తంగారి చెవిలో వేశాడు. చిత్తంగారు తల ఊపి, సమయం చూసి మనవి చేస్తానన్నాడు. మీటర్ల అక్క కాసేపు చూసింది. చూసి చూసి విసుగొచ్చి, నాలుగు బొత్తాలూ టపటపా ఊడదీసుకుని, తోకతో సహా కుడివైపు వెళ్ళిపోయింది.

ఆ సందు చివర చాకిరేవు కార్ఖానా పెరడు. ఆసుపత్రి దుప్పట్లు వందకి పైగా తీగల మీద తడితడిగా వేలాడుతున్నాయి. గుప్పెడంత కన్నంలోంచి చూస్తున్న ఆఫీసరుకి ఉన్నట్టుండి లోకమంతా తెల్లగా అయిపోయింది. బ్రేకు ఎక్కడుందో గుర్తొచ్చేలోపు మూడు వరసల దుప్పట్లు చుట్టుకుని పడ్డాడు. ఆయన మీద చిత్తంగారు, చిత్తంగారి మీద రెండో గుమాస్తా, ఆపైన మిగతావాళ్ళూ వరసగా పడ్డారు. పడటం కూడా సీనియారిటీ తప్పలేదు, మూడు పేజీల నోటులో అమలైనది బహుశా అదొక్కటే. కార్ఖానావాడు బయటికొచ్చి, ఉతికిన దుప్పట్లన్నీ మళ్ళీ ఉతకాలని నెత్తి కొట్టుకున్నాడు.

ఆఫీసరు తలకాయ ఊడదీసుకుని లేచాడు. ఒక మీసం విరిగింది. మొహం కందగడ్డలా ఉంది.

“మనల్ని ఈ సందులోకి తెచ్చింది ఎవరు?” అన్నాడు.

చూశారా మరి! తలకాయ అడగాల్సిన ప్రశ్నేనా అది? అందరూ కిందికి చూశారు. రెండో గుమాస్తా గుడ్డకి అంటిన బురద ఎంతో శ్రద్ధగా గీకుతున్నాడు. చిత్తంగారికి అద్దాల గది తలుపు తెరుచుకున్నట్టు అనిపించింది. ఇవాళ ఈయన పరువు కాపాడితే రేపు ఈయన తనని మరిచిపోతాడా? వెనకనుంచి తనే కాస్త ఎడమవైపుకి తోశానేమో సార్ అన్నాడు.

ఆఫీసరు ఆయన వంక క్షణం సేపు చూశాడు. ఎవరు తిప్పారో ఆయనకి మాత్రం తెలియదా? అయినా ఆ మాట కాగితం మీద పెట్టివ్వమన్నాడు, రేపు బ్యాంకు మేనేజరు నవ్వితే చూపించడానికి ఉంటుందన్నాడు. చిత్తంగారు కార్ఖానా కౌంటరు మీద కాగితం అడిగి తీసుకుని, నిలబడే, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

పార్కు దగ్గర ఏమైందో సాయంత్రం భార్య చెబితే తెలిసింది. ఆవిడ మేడలోవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని పొద్దున్నుంచీ అక్కడే ఎండలో నిలబడింది. నీటి సరఫరా ఆఫీసు పేరు పిలిచారట. పచ్చటి తోక ఒక్కటే జోరుగా వచ్చిందట. న్యాయనిర్ణేతలు దాన్ని చూసి భలే ఆలోచన అని మెచ్చుకుని రెండో బహుమతి ఇచ్చారట. తల ఏదని ఎవరూ అడగలేదట.

“మేమూ చప్పట్లు కొట్టాం. మీరు రాలేదని ఇంటికొచ్చేదాకా నాకు తట్టనేలేదు,” అంది ఆవిడ, ఆయన మోకాలికి మందు రాస్తూ. ఇంకాసేపటికి అసలు కథంతా రాబట్టింది. సంతకం దాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“ఆఫీసరు తప్పు వైపు తిరుగుతుంటే కళ్ళారా చూశారు కదా. ఎందుకు చెప్పలేదండీ?”

“ఆయన అడగలేదే! అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.”

“నన్ను మాత్రం మీరెప్పుడైనా అడిగారా? అయినా ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నానుగా,” అని ఆవిడ మందు సీసా మూత బిగించి లేచిపోయింది. ఆ రాత్రి చిత్తంగారు కుంటుకుంటూనే లేచి, సోమవారం వేసుకోవాల్సిన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

సోమవారం పదింటికల్లా ఆఫీసరు పిలిచాడు. పై ఆఫీసుకి వెళ్ళే కాగితం ఏదైనా సరే పెద్దగుమాస్తా సరిచూశాకే సంతకమవ్వాలి, ఆ ఆఫీసులో అదొక పద్ధతి. ఆఫీసరు టైపు చేసిన కాగితం బల్ల మీద ఆయన వైపు జరిపాడు. సూపరింటెండెంటు పదవికి రెండో గుమాస్తాని సిఫార్సు చేయడమైనది. పెద్దగుమాస్తా సీనియరే అయినప్పటికీ, ఆదివారంనాడు ఏడుగురు ఉద్యోగుల్ని తప్పుదారి పట్టించినట్టు స్వదస్తూరీతో ఒప్పుకున్నందున, ఆయనకి సెక్షను అప్పగించడం క్షేమం కాదు. దానికి చాకిరేవు కార్ఖానా కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. రెండో గుమాస్తా కూడా అదే సందులోకి అంతే మౌనంగా వచ్చినవాడే. కాకపోతే ఆయన దేనిమీదా సంతకం పెట్టలేదు.

పదకొండేళ్ళు, పదకొండేళ్ళు అని చిత్తంగారి లోపల ఏదో ఏడుస్తోంది. ఆఫీసరు కాసేపు కలం మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఆయనకీ లోపల ఎక్కడో గుచ్చుకుంటోందేమో, గొంతు కాస్త తగ్గింది.

“సరిగ్గా చదువు. ఇందులో తప్పేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు.”

అడిగాడు. ఇన్నేళ్ళకి ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు. గదిలో ఇంకెవరూ లేరు, తలుపు కూడా మూసే ఉంది. చిత్తంగారు కాగితాన్ని మొదట్నుంచి మళ్ళీ ఒకసారి చదివాడు. పెదవులు కదిలాయి.

“తప్పేం లేదు సార్. అంతా సరిగ్గానే ఉంది,” అన్నాడు. కాగితం చక్కగా సర్ది, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.