టాపెట్ల సందు

మీ కారు చప్పుడు చేస్తే మీకెందుకంత చిన్నతనం? ఎవరు నవ్వుతారని?

నేనూ చిన్నతనం పడ్డవాణ్ణే. ఎనభైల్లో, మూఢనమ్మకాల మీద ఊరూరా మాట్లాడడానికి ఒక పాత కారు కొన్నాను. ఇంజను టకటకమనేది. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు, "మేష్టారు కుట్టుమిషనేసుకొచ్చాడే!" అని నవ్వారు. ఆ సాయంత్రం దయ్యాలు లేవని గంటసేపు వాదించి నెగ్గాను. ఆ నవ్వును మాత్రం మరిచిపోలేకపోయాను.

చీరాలలో నాకు తెలిసిన మెకానిక్ ఒక ముసలి సాయిబు. ఇంజను పూర్తిగా చల్లారాలని కారును ఒకరోజు షెడ్డులోనే ఉంచుకున్నాడు. మర్నాడు ఇంజను పైమూత విప్పి, ఒక్కొక్క వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య కాగితమంత పల్చటి ఇనప రేకు దూర్చి, అది కాస్త పట్టినట్టే పట్టి జారేదాకా మర తిప్పాడు. టాపెట్ల సందు సరిచెయ్యడమంటే అదే. స్టార్టు చేస్తే చప్పుడు తగ్గింది, పోలేదు.

"ఇంకా కొట్టుకుంటోందేం భాయ్?" అన్నాను.

"కొద్దిగా కొట్టుకోవాలండీ. వేడెక్కితే వాల్వు సాగుద్ది. సందు లేకపోతే సరిగ్గా మూసుకోక కాలిపోద్ది."

"అసలు చప్పుడే లేకుండా చెయ్యలేవా?"

"ఎందుకు చెయ్యలేనండీ, రెండు నిమిషాల పని. ఆనక నన్ను తిట్టకూడదు మరి."

చేతగాక చెబుతున్నాడనుకున్నాను. ప్రతి సభలోనూ రుజువు చూపించమని గొంతు చించుకునేవాణ్ణి, నా కళ్లముందు రేకు పెట్టి కొలిచినా నమ్మలేదు. బజారు చివర ఇంకొకడు వేడి ఇంజను మీదే, రేకు లేకుండా, చెవితో విని బిగించేశాడు.

"ఇప్పుడు చూస్కోండి సార్, పిల్లి నడిచినట్టే!"

నిజమే, చప్పుడు లేదు. అతనితో చేయి కలిపి మరీ వచ్చాను.

నెల తిరక్కుండానే పొదిలి దగ్గర ఒక ఊరి నుంచి అక్కడి బడిపంతులు కబురు పంపాడు. పత్తికంప పీకుతుంటే ఒక కూలామె కంట్లో పుల్ల గుచ్చుకుంది. అత్త పసరు పోస్తానంటోంది. నా కారొస్తే ఒంగోలు కంటి డాక్టరుకు చూపిస్తానని భర్త ఒప్పుకున్నాడు. మర్నాడు పన్నెండు దాకా ఆగుతాడట.

తెల్లారగానే బయల్దేరాను. ఒంగోలు దాటాక ఇంజను బలం తగ్గుతూ వచ్చి, చిన్న ఎత్తు కూడా ఎక్కలేక దగ్గి ఆగిపోయింది. బానెట్ ఎత్తి ఎండలో నిలబడ్డాను, ఏం చూడాలో తెలియదు. రెండు బస్సులు ఆపకుండా పోయాయి. మూడోది ఎక్కి ఊరు చేరేసరికి పొద్దు వాలింది.

ఆమె చాప మీద గోడకి ఆనుకుని ఉంది. కంటికి ఆకుపచ్చటి తడిగుడ్డ. భర్త కోప్పడలేదు.

"పన్నెండు దాకా రోడ్డు మీదే నుంచున్నానండీ. మీ కారు చప్పుడు అంత దూరాన్నుంచే ఇనపడుద్దని పంతులుగారన్నారు. ఇనపడలా."

మర్నాడు బస్సులోనే ఒంగోలు తీసుకెళ్లాం. ఆ కన్ను దక్కలేదు.

సాయిబు ఇంజను విప్పి, అంచు కాలి పెచ్చులూడిన వాల్వు నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత కూడా చాలా సభల్లో మాట్లాడాను, మాట్లాడి మాట్లాడి అలిసిపోయాను. పసరు పోసిన ఆ అత్తను తిట్టడానికి మాత్రం నోరు రాలేదు. తనకు నచ్చింది తను నమ్మింది. నేను మాత్రం చేసిందేమిటి?

రేపు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, మీ కారు టాపెట్లు రేకు పెట్టి కొలిపించండి. కాస్త చప్పుడు ఉండాలని మెకానిక్ చెబితే, వాదించకుండా ఆ చప్పుడుతోనే ఇంటికి రండి.