టమాట తొక్కు బొట్టు

ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి గోడల మీద బొమ్మలేసుడు పట్టిన. చౌటుప్పల్ నుంచి పట్నం పోయే తొవ్వల కొత్తగ పెడుతున్న మెక్సికో హోటల్ గోడ నాకే అప్పజెప్పిండ్రు. బ్రహ్మజెముడు చెట్టు, పెద్ద టోపీ పెట్టుకున్న మీసాలాయన. చెట్టు మా చెల్కల గట్టు పొంటి కావల్సినంత ఉంది. మీసాలకు మా మామను యాదిజేసుకున్న. బొమ్మ సూసి సంబురపడ్డ సేటు, "దోస్తులను తోలుకొని రా, ఒక పూట నింపాదిగ తిందురు" అన్నడు.

నాకు దోస్తులు ఇద్దరే. ఒకడు టైలర్, ఇంకొకడు బోర్లు వేసేటోడు. ముగ్గురం ఒక్క కంచంల తిని పెరిగినోళ్లం. గని వాళ్లిద్దరికీ మూడేండ్ల సంది మాటల్లేవు. మా దిక్కు ఇంటికి పోయి, ఆడోళ్లకు బొట్టు పెట్టి, నోటితోటి చెప్తేనే పెండ్లికి పిలిసినట్టు. టైలర్ తన బిడ్డ పెండ్లికి బోర్లాయనకు ఫోన్ల కార్డు పంపి ఊకున్నడు. గందుకే బోర్లాయన పోలేదు. పోలేదని టైలర్ మొఖం తిప్పుకున్నడు. ఇప్పుడు బోర్లాయన కొడుకు పెండ్లి, వచ్చే గురువారమే. ఊరంతా పిలిసిండు గని టైలర్ గడప తొక్కలేదు. ఈసారి పిలుపు తప్పితే ఇగ ఈ జన్మల కలువరు.

ఒకరికి తెల్వకుంట ఇంకొకర్ని ఆ హోటల్‌కు తోలుకపోయిన. నేను కలిపితే కలవక ఏడికి పోతరు? నీలం, పసుపు కలిపి పచ్చ తీసేటోణ్ణి!

టైలర్‌ను చూడంగనే బోర్లాయన లేవబోయిండు. "కూసో బావా, సేటు పెట్టే తిండి ఇడిసిపోతే పాపం" అని భుజం పట్టి కూసోబెట్టిన. అన్నీ ఒక్క పళ్లెంలనే తెమ్మని ముందే చెప్పి పెట్టిన. మక్క అప్పడాలు, వాటి మీద రాజ్మా గింజలు, కరిగిన చీజు, నడుమ పచ్చి టమాట తొక్కు గిన్నె.

"ఆ తొక్కు ఇటు జరుపుమను" అన్నడు టైలర్ నాతోటి.

"చేతులు లేవా అని అడుగు" అన్నడు బోర్లాయన, అదీ నాతోటే.

"నా నోట్ల అప్పడముంది. మీరే మాట్లాడుకోండ్రి" అన్న.

టైలర్ తొక్కు నాకి మొఖం ముడిసిండు. "గిదేం తొక్కు? మా అవ్వ నూరితే తెలుస్తుండె."

"మీ అవ్వ తొక్కు తిని రెండు దినాలు నీళ్ల కుండ కాడనే పండుకున్న" అన్నడు బోర్లాయన. అన్నంక నాలుక కరుసుకున్నడు గని, అప్పటికే ముగ్గురం నవ్వుతున్నం.

పళ్లెం సగమయ్యేదాక ముచ్చట్లు నడిసినయి. పెండ్లి మాట మాత్రం ఎవ్వరూ ఎత్తలే. ఆఖరికి టైలరే తల వంచుకొని అన్నడు, "తప్పు నాదే రా. పనులల్ల చేతులాడక ఫోన్ల కొట్టిన. గని ఆనాడు పెండ్లి భోజనాల బంతిల నా పక్క జాగల ఎవ్వర్ని కూసోనియ్యలే."

బోర్లాయన తల ఎత్తకుంట అప్పడం ముక్కలు చేసుకుంట కూసున్నడు.

"ఏడు వందల ఫీట్లు దించినా చెమ్మ తగుల్తలేదేంది బావా?" అన్న.

నా దిక్కు గుర్రుగ చూసిండు. ఉంగరపు వేలు తొక్కుల ముంచి, వంగి, టైలర్ నుదుటి మీద అద్దిండు.

"గురువారం పెండ్లి. ఇంటిల్లిపాది రావాలె. బొట్టు పెట్టి మరీ పిలుస్తున్న, మళ్ల పిలువలేదనకు."

"ఆడోళ్లకు పెడ్తరు రా బొట్టు! అబ్బా, కంట్లకు కారుతాంది!"

తుడుసుకొమ్మని నేను కాగితం ఇయ్యబోతే టైలర్ చెయ్యి అడ్డం పెట్టిండు. కన్నొక్కటే తుడుసుకొని, "బొట్టు ఉండనియ్యి. పిలిసిండంటే మా ఆమె నమ్మది, చూపెట్టాలె" అన్నడు.