రేకుల మీద కూర్చునేది నేనే

బండి కొనేటప్పుడు మా ఇంటాయన ఇంజను చూశాడు. నేను కూర్చునే చోటు చూశాను. వేలూరులో బండ్లమ్మే షెడ్డు ముందు మా గొడవ అక్కడే మొదలైంది.

మాది సెంట్రింగ్ పని. స్లాబు పోసేముందు కింద పరిచే ఇనుపరేకులు, వాటిని నిలబెట్టే గుంజలు మావి. గుడియాత్తం దాటి కొండవైపు ఊళ్లకు తీసుకెళ్తాం. ఆ దోవలన్నీ కంకరే. రేకులు జారకుండా పైన మనిషి బరువుండాలని ఆడవాళ్లను కూర్చోబెడతారు. కిందటేడు ఒక మలుపులో రేకులతోపాటు నేనూ జారాను. మెడ కింది ఎముక విరిగింది. అది అతుక్కోకముందే, పని చెడగొట్టానని మా ఇంటాయన వీపు మీద గుద్దాడు. మళ్లీ అలా పడితే బతకనని నాకు తెలుసు. అందుకే సొంత బండి చూడటానికి అతని వెంట వెళ్లాను.

ముందు మోటారు సైకిలు, వెనక రెండు చక్రాల తొట్టి. చేపలు మోయకపోయినా మా వైపు దీన్ని మీన్ బాడీ అనే అంటారు. షెడ్డులో రెండున్నాయి. ఎర్రది ఎత్తుగా, పెద్ద టైర్లతో నిగనిగలాడుతోంది. రెండోది పొట్టిది, వెడల్పుది, రంగు పోయింది. రెండూ ఎక్కి చూశాను. ఎర్రదాని మీద పట్టుకోవడానికేమీ లేదు.

"పొట్టిది తీసుకుందాం."

"ఏందే, తోలేది నువ్వా?"

"పడేది నేను కదప్పా."

చెంప పగలగొట్టాడు. నోట్లో రక్తం ఊరింది.

షెడ్డు ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పోదుం నాయనా, చాలు! కొట్టేదానికి నా షెడ్డే దొరికెనా? ఎనకాల ఏట్లో కంకర బాట ఉండాది. బరువేసుకోని తోలి సూడు. మూడు చక్రాలది వంగదు. వంచేదానికి సూడొద్దు, కాలు దించొద్దు."

"నాకు సెప్తావా? పుట్టినప్పటినించి తోలుతుండా."

"అట్లనా? మీయమ్మ శానా కష్టపడుంటాది."

పనివాళ్లు పగలబడి నవ్వారు. ఆ కోపమూ నా మీదే తీర్చుకున్నాడు. ఎర్రబండిలో పది రేకులు, రెండు గుంజలు వేయించి, జుట్టు పట్టి నన్ను పైకెక్కించాడు.

ఏట్లో మలుపు దగ్గర వేగం తగ్గించలేదు. రెండు చక్రాల బండి అలవాటులో దాన్ని లోపలికి వంచబోయాడు. బండి వంగలేదు. లోపలివైపు చక్రం లేచింది. నేను ఆ వైపే ఉన్నాను. కదలకుండా ఉంటే నా బరువుకు అది దిగేదేమో. దూకేశాను. మోచేయి చీరుకుపోయింది. బండి బయటివైపు పడిపోతుంటే అతను ఆ పక్క కాలు కింద పెట్టాడు. తొట్టి అంచు పాదం మీద పడింది. చెరకు విరిచినట్టు చప్పుడైంది.

"దూకినావు కదే ముండా! లేపు!" అంటూ రాయి విసిరాడు. నా మోకాలికి తగిలింది.

గుంజ ఒకటి పక్కనే పడి ఉంది. తొట్టి కింద దూర్చాను. అలా బరువులెత్తడం నాకు రోజూ ఉన్న పనే. కానీ ఎత్తలేదు.

"ఏ బండి?" అన్నాను.

"ఏందే?"

"ఏ బండి కొంటావని అడుగుతుండా."

నన్ను కన్నవాళ్లనందరినీ తిట్టాడు. రెండో రాయి తీశాడు. గుంజను నొక్కి వదిలాను. అంచు వేలెడంత లేచి మళ్లీ దిగింది. అతని అరుపుకు ఏట్లో మేస్తున్న మేకలు చెదిరిపోయాయి. చేయి జారిందని తర్వాత అందరికీ చెప్పాను. జారలేదు.

"పొట్టిదే! పొట్టిదేలే తల్లీ, లేపు!"

అప్పుడు ఎత్తాను.

ముసలాయన పరుగెత్తుకొచ్చి చెప్పు విప్పాడు. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. ఆటో పిలిపించి ఇద్దరూ కలిసి ఎక్కించాం.

"బండి సంగతి ఇంకోనాడు సూస్తామా నాయనా?" అన్నాడు ముసలాయన.

అతను నా వైపు చూడలేదు. "ఆయమ్మనే అడుగు."

"పొట్టిది. ఎవురికీ ఇయ్యొద్దు," అన్నాను.

ఆటోలో అతని పక్కన చోటుంది. ఎక్కాలంటే భయమేసింది. ఎక్కాను. ఆసుపత్రి వచ్చేదాకా అతని చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.