ఆరేళ్ళ సీసా

మా అమ్మమ్మ బిరడా వాసన చూసి ఆ ద్రాక్ష ఏ ఏడాది పండిందో చెప్పేస్తుంది. కోత రోజున వాన పడిందో లేదో చెబుతుంది. ఇంకాస్త గట్టిగా పీల్చిందంటే, ఆ పొద్దున రైతు పెళ్ళాంతో పోట్లాడి తోటకి వచ్చాడో, నవ్వుకుంటూ వచ్చాడో కూడా చెబుతుంది. ఇది నేనంటున్న మాట. ఆవిడ ఒప్పుకోదు.

నలభై ఒక్క ఏళ్ళుగా అమ్మమ్మ ఒక హోటల్ నేలమాళిగలో వైన్ సీసాలు కనిపెట్టుకుని ఉంటోంది. పదిహేడు మెట్లు దిగితే ఆవిడ రాజ్యం. రాతి గోడలు, ఒక్కటే పసుపు బల్బు, బిరడా ఎండిపోకుండా అరల్లో పడుకోబెట్టిన సీసాలు. మండుటెండల్లో కూడా శాలువా కప్పుకునే కూర్చుంటుంది. ప్రతి అరకీ ఒక అట్టముక్క వేలాడుతుంది. దాని మీద రెండే సంగతులు: ద్రాక్ష కోసిన ఏడాది, ఆ వైన్ ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది. పైన వడ్డించేవాళ్ళకి అదే వేదం.

పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, పద్దెనిమిదో ఏట నేనూ ఆ మెట్లు దిగాను. నేలమాళిగలో పనికి చేరిన ప్రతి మనిషి పేరునా ఆ ఏటి వైన్ ఒక సీసా పక్కన పెట్టడం ఆవిడ అలవాటు. పెట్టెలు మోసే మావయ్య, అంటే ఆవిడ కొడుకు, ఆయన సీసాకి కట్టిన అట్టముక్క మీద ముప్ఫై అని ఉంది. నాదాని మీద ఆరు.

"ఆరేనా అమ్మమ్మా?"

"కోతల ముందు వారం పాటు వాన పడిందే. పళ్ళు నీళ్ళు తాగి ఉబ్బాయి, తోలు పలచబడింది. అందులో వగరు లేదు. వగరు లేకపోతే ఎక్కువ కాలం నిలవదు."

"దీని నోట్లో ఉన్న వగరు రెండు చుక్కలు కలిపితే నూరేళ్ళు నిలిచేది," అన్నాడు మావయ్య పెట్టె దించుతూ.

నాకు తలకొట్టేసినట్టయింది. పాతబడేకొద్దీ వైన్ గొప్పదవుతుందని ఊరంతా అంటుంటే, నాది ఆరేళ్ళకే ముగిసిపోవాలా? మర్నాడు అమ్మమ్మ భోజనానికి పైకి వెళ్ళినప్పుడు, ఆరు ముందు ఒక రెండు చేర్చాను. ఇరవయ్యారు. చూడముచ్చటగా ఉంది.

అయిదేళ్ళు దాటాయి. అమ్మమ్మ చూపు మందగించింది. అట్టముక్కలు రాయడానికి ఇంకో మనిషిని చూసుకోమన్నాడు హోటల్ యజమాని. మావయ్య రాత మావయ్యే చదువుకోలేడు. మిగిలింది నేను. ఆ పని నాకు కావాలి. జీవితంలో మొదటిసారి ఒకటి గట్టిగా కావాలనిపించింది. కానీ అట్టముక్క మీద అబద్ధం రాసిన మనిషికి ఆవిడ కలం ఇస్తుందా? కింది అరలో నా రెండు నన్నే చూస్తోంది. గీకితే సిరా పోలేదు, అట్టకి చిల్లు పడింది.

ఆ మధ్యాహ్నమే అమ్మమ్మ నా సీసా తీసి, మూడు గ్లాసులు పెట్టింది.

"అది ఇంకా ఇరవై ఏళ్ళుండాలేమో," అన్నాను, గోడకేసి చూస్తూ.

"నేను రాసే రెండుకి తోక ఉండదే."

"ఎప్పుడు చూశావు?"

"ఆ రోజే. భోంచేసి దిగేసరికే."

"మరి తిట్టలేదేం?"

"సీసా నీది. నువ్వే వచ్చి చెబుతావేమోనని చూశాను. చెప్పలేదు. నీకు బుద్ధి వచ్చేదాకా వైన్ ఆగదుగా."

మావయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అమ్మమ్మ బిరడా లాగి, ఒకసారి వాసన చూసి, పోసింది. పలచటి ఎరుపు. నోట్లో పెట్టుకుంటే అప్పుడే కోసిన పండులా, వాన వెలిసిన పెరడులా ఉంది. ఇంకో గుక్క తాగాను. వచ్చే ఏడు తీస్తే చప్పబడిపోయేదట. నా ఇరవై నమ్ముకుని ఉంచితే చచ్చి ఊరుకునేదట. మావయ్య సీసా ఇంకా పళ్ళు మొద్దుబారేంత వగరుగానే ఉంటుందని, అప్పుడే దాని జోలికి వెళ్ళొద్దని ఆయనకీ చెప్పింది.

గ్లాసులు కడిగాక, చిల్లు పడిన ఆ అట్టముక్క చింపి పారేసి, కొత్తదీ కలమూ నా చేతిలో పెట్టింది. ఏ బళ్ళోనూ నాకు అలా జరగలేదు. అక్కడ తప్పు రాస్తే కలం లాక్కునేవారు. ఈవిడ తప్పు చేసిన చేతికే కలం ఇచ్చి, పక్కన కూర్చుని, ప్రతి అంకె చదివించుకుంది. ఇప్పటికీ కూర్చుంటోంది. నేను ఇవాళ నిటారుగా నడుస్తున్నానంటే ఆవిడ చలవే.

ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని, శాలువా లాక్కుంటూ మొత్తం వింది. ఎలా ఉందని అడిగాను.

"రైతూ పెళ్ళామూ అంటూ అబద్ధాలు బాగానే రాశావు. అట్టముక్కల మీద మాత్రం రాయకు."