ఆపరేటరమ్మ పెట్టుకున్న లైను

ఆ ఇంటి పెద్దకోడలిని చుట్టాలంతా ఆపరేటరమ్మ అనే పిలిచేవారు. బట్టల మిల్లులో టెలిఫోన్ బోర్డు ముందు ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. మిల్లుకి వచ్చే ప్రతి ఫోనూ ముందు ఆమె చెవిన పడాల్సిందే. చుట్టాల్లోనూ అంతే. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా, ఎవరికి ఉద్యోగం వచ్చినా మొదటి ఫోను ఆమెకే. ఆమె చెబితేనే మిగతావాళ్ళకి తెలిసేది. ఆ పెద్దరికం అంటే ఆమెకి ప్రాణం.

అలాంటిది, అదే వీధిలో నాలుగిళ్ళ అవతల తోడికోడలి ఇంట్లోకి కంప్యూటరూ, దాని వెంట ఇంటర్నెట్టూ వచ్చాయి. దుకాణం మనిషి వచ్చి అన్నీ బిగించి వెళ్ళాడు. చిన్నకోడలు చేసిందల్లా అతనికి కాఫీ ఇవ్వడం. నెల తిరక్కుండానే దూరాన ఉన్న పెద్ద ఆడబిడ్డ ఫోన్లు తగ్గించేసి, కబుర్లన్నీ చిన్నకోడలికి మెయిల్లో రాయడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం చిన్నకోడలు చేతిలో కాగితంతో వచ్చింది.

"అక్కా, వదిన వాళ్ళు ఇల్లు మారారట. నిన్ననే రాసింది. కొత్త ఫోన్ నంబరూ, ఆవిడ మెయిల్ అడ్రసూ, నా మెయిల్ అడ్రసూ ఇందులో రాసి తెచ్చాను."

"తెలుసులే," అంది ఆపరేటరమ్మ.

ఆమెకి తెలియదు. ఆ కాగితం తీసుకుంటుంటే చెయ్యి కాలినట్టయింది. చిన్నకోడలు గేటు దాటిందో లేదో వంటింట్లో గిన్నెలు మోగాయి.

"గిన్నెలేం చేశాయి పాపం?" అన్నాడు భర్త, పేపరు దించకుండానే.

"మనమూ ఇంటర్నెట్ పెట్టించుకుందాం."

"ఇప్పుడు ఎవరికి రాయాలని?"

అలా అడిగినందుకు ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

మిల్లు డ్రాయింగు సెక్షన్లో పాత కంప్యూటర్లు తీసేసి సిబ్బందికి ఇచ్చేస్తున్నారని తెలియగానే అందరికంటే ముందు పేరిచ్చింది. ఇంటికొచ్చినది ఎప్పుడో తెల్లగా ఉండేదట, ఇప్పుడు పసుపుపచ్చగా ఉంది. ఆన్ చేస్తే వెనక ఫ్యాను పిండిమరలా మోగేది. దానికి అరచేతంత మోడెం కొనితెచ్చింది. హాల్లో ఫోను దగ్గర్నుంచి పడగ్గది దాకా, తలుపు అంచు వెంబడి క్లిప్పులు కొట్టుకుంటూ, తనే స్టూలెక్కి తీగ లాగింది. సీడీ పెట్టింది. కంపెనీ వాళ్ళిచ్చిన చీటీ చూసి యూజర్ నేమూ, పాస్‌వర్డూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. కనెక్ట్ నొక్కింది.

కంపెనీ నంబరు డయల్ చేస్తూ మోడెం పిట్ట కూతల్లాంటి శబ్దం చేసింది. తర్వాత నిశ్శబ్దం. అవతలి కంప్యూటరు జవాబివ్వడం లేదని తెర మీద పడింది.

మూడు రోజులు, మిల్లు నుంచి రాగానే చెప్పులైనా సరిగ్గా విడవకుండా దాని ముందు కూర్చుంది. ప్రతిసారీ అదే మాట. చీటీ మీది నంబరుకి ఫోన్ చేస్తే, ఎవరో అమ్మాయి సిగ్నల్ బాగోలేదేమో చూసుకోమంది.

"చిన్నదాన్ని ఒకసారి పిలవరాదూ? వాళ్ళకి పనిచేస్తోందిగా," అన్నాడు భర్త.

"దానికేం తెలుసని? ప్లగ్గుకీ సాకెట్టుకీ తేడా తెలియదు. పిలిస్తే వీధంతా చెప్పుకుంటుంది, అక్క నన్ను పిలిచిందని."

చిన్నకోడలు ఎవరి గురించీ వీధిలో చెప్పుకునే మనిషి కాదు. ఆ సంగతి ఆపరేటరమ్మకీ తెలుసు. తెలిసినందుకే ఇంకా ఒళ్ళు మండింది.

నాలుగో రోజు సాయంత్రం కనెక్ట్ నొక్కి, పరుగున హాల్లోకి వచ్చి ఫోను ఎత్తి చెవికి ఆనించింది. డయల్ టోన్ గుయ్‌మని వస్తోంది. దాని మీద మోడెం పిట్ట కూతలు కూసింది. కూతలు అయిపోయాయి, డయల్ టోన్ మాత్రం అలాగే ఉంది. ఆపరేటరమ్మ కళ్ళు మూసుకుని విన్నది. మొదటి అంకె పడగానే ఆ మోత ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్స్ఛేంజి వినిపించుకోవడం లేదన్నమాట. తమ ఏరియా ఎక్స్ఛేంజి పాతది. టక టక మని ఫోను చక్రం తిరిగితేనే దానికి అర్థమవుతుంది, ఈ కొత్త కూతలు కాదు.

గదిలోకి వెళ్ళి సెట్టింగులన్నీ తెరిచింది. ఒక మూల కూతలకి టోన్, టక టకలకి పల్స్ అని రెండు గళ్ళు కనిపించాయి. టిక్కు టోన్‌లో ఉంది. తీసి పల్స్‌లో పెట్టింది.

ఈసారి మోడెం టక టక మంది. ఆమె వేళ్ళు మడిచి అంకెలు లెక్కపెట్టింది, అన్నీ సరిగ్గా పడ్డాయి. అవతల ఎవరో ఎత్తారు. గరగర, కీచుమని అరుపులు, ఆ తర్వాత ప్రశాంతం. తెర కింద మూలన లైను కలిసిందన్న గుర్తుగా రెండు బుల్లి కంప్యూటర్ బొమ్మలు వెలిగాయి.

మొదటి మెయిల్ ఆడబిడ్డకి రాయాలి నిజానికి. రాసింది తోడికోడలికి. "నేనూ ఇంటర్నెట్ పెట్టుకున్నాను. ఎవరినీ పిలవలేదు. నేనే పెట్టుకున్నాను." పంపి, చిన్నదాని మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ హాయిగా అన్నం తింది.

మర్నాడు పొద్దున్నే చిన్నకోడలు వచ్చింది, తల కూడా దువ్వుకోకుండా.

"అక్కా, నిజంగా నువ్వే పెట్టావా? ఏదీ చూపించు. మా ఇంట్లో వారానికోసారి చెడిపోతోంది, ఆ దుకాణం మనిషి పిలిస్తే రాడు. ఇకనుంచి నువ్వున్నావు."

ఆమె మొహంలో ఎక్కడా రవ్వంత కుళ్ళు లేదు. ఆపరేటరమ్మ వెతికింది కూడా. ఇన్ని రోజులు పడ్డ కష్టమంతా ఎదుటిమనిషి కుళ్ళుకోవాలని. ఆమె కుళ్ళుకోకపోతే గెలిచినట్టే లేదు.

ఆ తర్వాత చాలా నెలలు అక్కకి పిలుపు వచ్చేది. అక్క వెళ్ళేది. అక్కడా ఆ పల్స్ టిక్కే ఎగిరిపోతుండేది. అర నిమిషం పని. కానీ ఆపరేటరమ్మ తెరకి వీపు అడ్డంపెట్టి, నాలుగు విండోలు తెరిచి మూసి, పావుగంట చేసేది. ఏం చేసిందో మాత్రం చెప్పేది కాదు.

ఒకరోజు అలా చేసి లేస్తుంటే చిన్నకోడలు నవ్వుతూ అంది:

"ఆ టిక్కు ఎక్కడుందో నాకు ఎప్పుడో తెలుసక్కా. కావాలంటే నేనే మార్చుకోగలను. పిలిస్తే నువ్వొచ్చి కాసేపు కూర్చుంటావని పిలుస్తున్నాను."

ఆపరేటరమ్మ మళ్ళీ కూర్చుంది. ఇచ్చిన కాఫీ తాగింది. నాలుగు మాటలు మాట్లాడింది. ఇంటికొచ్చాక భర్త అడిగాడు, బాగైందా అని.

"బాగైంది," అంది. చెప్పులు విడుస్తూ, "మంచితనంలో కూడా చిన్నదే ముందుండాలా?" అంది, ఎవరిమీదో తెలియని కోపంతో.